పాపకి గ్రహాల గురించి ఎలా చెప్పాలి అన్నావుగా, ఇదిగో రాస్తున్నా

తల్లీ,

చార్ట్ కొని గోడకి అంటించా, వీడియోలు చూపించా, పేర్లన్నీ గడగడా చెప్పేస్తోంది, కానీ దానికి ఏమీ అర్థం కాలేదేమో అనిపిస్తోంది పెద్దమ్మా అని రాశావు కదా. నీకు ఆ అనుమానం రావడమే మంచిదైంది. పేర్లు వచ్చేస్తే పాఠం అయిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు, నేనూ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో అలాగే అనుకున్నా.

అప్పుడు నా దగ్గర ఒక ఏడేళ్ల పిల్ల ఉండేది, బుధుడు శుక్రుడు భూమి అంగారకుడు అని వరసగా ఒక్కటి కూడా తప్పకుండా చెప్పేది. ఒక సాయంత్రం పిల్లలందర్నీ ఆరుబయట నించోబెట్టి, ఏదమ్మా భూమి ఎక్కడుందో చూపించు అన్నా. అది తలెత్తి ఆకాశంలో వెతకడం మొదలుపెట్టింది. పాపం చాలాసేపు వెతికింది కూడా. చార్ట్‌లో ఉన్న నీలం గుండ్రం, తన కాళ్ల కింద ఉన్న నేల రెండూ ఒకటే అని దానికి ఎవరూ కలిపి చెప్పలేదు, చెప్పాల్సింది నేనే, నేనే చెప్పలేదు. ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చేశా, ముందు ఆకాశం, తర్వాత నేల మీద నడక, చార్ట్ అన్నిటికన్నా ఆఖర్న.

కాబట్టి నువ్వు కూడా ముందు ఒక గ్రహాన్ని కళ్లతో చూపించు, ఒక్కటి చాలు. శుక్రుడైతే సులువు, కొన్ని నెలలు పొద్దుగూకాక పడమట కనపడతాడు, ఇంకొన్ని నెలలు తెల్లవారుజామున తూర్పున, మనం వేగుచుక్క అనేది అతన్నే. చుక్క అంటాం గానీ చుక్క కాదు గ్రహం అని చెప్పు, పిల్లలకి ఇలాంటి రహస్యాలంటే ఎంత ఇష్టమో. నడిరాత్రి నెత్తి మీద ఎప్పుడూ కనపడడు, ఎందుకంటే మనకన్నా సూర్యుడికి దగ్గర్లో తిరుగుతున్నాడు కాబట్టి సూర్యుణ్ణి వదిలి ఎక్కువ దూరం జరగలేడు. గురుడైతే నడిరాత్రి కూడా కనపడగలడు. నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయి, గ్రహాలు మాత్రం నిలకడగా వెలుగుతాయి, దాదాపు ఎప్పుడూ ఈ గుర్తు పనిచేస్తుంది. ఏ రోజు ఏది ఎక్కడుందో ఫోన్‌లో ఆకాశం చూపించే యాప్ పెట్టుకుని ముందు నువ్వు చూసుకో, కానీ ఫోన్ పాప చేతికి ఇవ్వకు, ఇచ్చావంటే అది స్క్రీన్‌నే చూస్తుంది, ఆకాశాన్ని చూడదు.

చూపించాక వారాల పేర్లు గుర్తు చెయ్యి. ఆదివారం సూర్యుడిది, సోమవారం చంద్రుడిది, మంగళవారం అంగారకుడిది, తర్వాత బుధుడు, గురుడు, శుక్రుడు, శని. మొత్తం ఏడు, ఏ పరికరం లేకుండా మామూలు కళ్లతో చూస్తే ఆకాశంలో చోటు మారుతూ కనపడేవి ఆ ఏడే అని పాతకాలం వాళ్లు లెక్కపెట్టారు. మరి యురేనస్ వారం, నెప్ట్యూన్ వారం ఎందుకు లేవమ్మా అని పాపనే అడుగు, కాసేపు ఆలోచించనీ, వెంటనే జవాబు చెప్పెయ్యకు. ఆ రెండూ టెలిస్కోపులు వచ్చాక తెలిసినవి, యురేనస్ 1781లో, నెప్ట్యూన్ 1846లో, అప్పటికి వారాల పేర్లు ఎప్పుడో కుదిరిపోయాయి.

ఇక నడక. ఇది మాత్రం తప్పకుండా చెయ్యి, మిగతావన్నీ మానేసినా సరే. చార్ట్‌లో గ్రహాలన్నీ పక్కపక్కన పూసల దండలా ఉంటాయి కదా, ఆ బొమ్మ వల్లే పిల్లలు దూరం విషయంలో మోసపోతారు. మామూలు ఫుట్‌బాల్ తీసుకో, అది 22 సెంటీమీటర్లు ఉంటుంది, అదే సూర్యుడు అనుకో. అప్పుడు భూమి ఎంత ఉంటుందో ముందు పాపని చెప్పమను, గోలీ అంటుంది లేకపోతే నిమ్మకాయంత అంటుంది. కాదు, 2 మిల్లీమీటర్లు, గుండుసూది తలంత. బంతిని ఒకచోట పెట్టి గుండుసూది పాప చేతికిచ్చి నడవండి, నీ పెద్ద అంగ ఒక మీటరు అనుకుంటే 9 అంగల దగ్గర బుధుడు, ఇసుక రేణువంత, 17 దగ్గర శుక్రుడు, దాదాపు భూమంతే, 24 దగ్గర ఆగు. అక్కడ వెనక్కి తిరిగి బంతిని చూడమను. ఆ బంతి అక్కణ్ణుంచి ఎంత కనపడుతుందో మన ఆకాశంలో సూర్యుడు సరిగ్గా అంతే కనపడతాడు, పున్నమి చంద్రుడు కూడా దాదాపు అంతే, చెయ్యి చాపి చిటికెన వేలు అడ్డం పెడితే మూసుకుపోతుంది. (సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని అప్పుడే గట్టిగా చెప్పు, బంతితో, చంద్రుడితో మాత్రమే ఈ వేలు ఆట ఆడాలి.) చంద్రుడు ఎక్కడా అంటుంది, గుండుసూదికి 6 సెంటీమీటర్ల దూరంలో, పాప అరచేతిలోనే పట్టేస్తాడు. మనుషులు ఇంతవరకు వెళ్లిందంతా ఆ అరచేతిలోనే అని చెప్తే ఎంత అల్లరి పిల్లలైనా ఒక్క క్షణం చేతిని చూసుకుంటూ నించుండిపోతారు, నేను చాలాసార్లు చూశా.

36 అంగలకి అంగారకుడు, తర్వాత ఇక్కడే పిల్లలు అలిసిపోతారు, ఎందుకంటే గురుడు 120 అంగలు దాటాక గానీ రాడు, పెద్ద గోలీ అంత ఉంటాడు. అలిసిపోనీ, ఖాళీ ఎంత ఉందో కాళ్లకి తెలియాలి. శని 226, యురేనస్ 450 పైన, నెప్ట్యూన్ 710 దగ్గర ఒక చిన్న పూస. చోటు లేకపోతే గురుడి దగ్గరే ఆపేసి మిగతావి నోటితో చెప్పు. నెప్ట్యూన్ దాకా వెళ్లింది ఇప్పటివరకు వాయేజర్ 2 అనే, మనుషులు లేని అంతరిక్ష నౌక ఒక్కటే, 1977లో బయల్దేరి 1989లో దాని పక్కనుంచి పోయింది, అంటే 12 ఏళ్లు. ఈ లెక్కలో వెలుగు కూడా సెకనుకి 5 సెంటీమీటర్లు పాకదు, బంతి దగ్గర బయల్దేరి గుండుసూది చేరడానికి 8 నిమిషాలు దాటుతుంది, వేలిని నేల మీద మెల్లగా జరుపుతూ చూపించు.

మిగతావి ఎప్పుడు కుదిరితే అప్పుడు చెప్పు, తొందరేం లేదు. సూర్యుడికి దగ్గరున్న బుధుడి కన్నా శుక్రుడే ఎక్కువ వేడి అంటే ఎందుకు అని అడుగుతుంది, శుక్రుడి చుట్టూ కార్బన్ డయాక్సైడ్ దుప్పటిలా కప్పుకుని వేడిని బయటికి పోనివ్వదు, 460 డిగ్రీల పైనే ఉంటుంది, బుధుడికి ఆ దుప్పటి లేదు కాబట్టి పగలు కాలిపోయి రాత్రి గడ్డకడుతుంది అని చెప్పు చాలు. వయసు ఆట కూడా బావుంటుంది, బుధుడి ఏడాది 88 రోజులే కాబట్టి 8 ఏళ్ల పిల్లకి అక్కడ 33 ఏళ్లు, గురుడి మీద అయితే ఇంకా మొదటి పుట్టినరోజే రాదు.

ఎన్ని చందమామలు అనే లెక్క మాత్రం బట్టీ పట్టించకు తల్లీ. 2025లో శనికి ఒకేసారి 128 కొత్తవి కలిపి 274 అన్నారు, మీ చార్ట్‌లో అంకె అప్పుడే పాతబడి ఉంటుంది. ప్లూటో సంగతి కూడా అంతే, నువ్వు చిన్నప్పుడు తొమ్మిది గ్రహాలు చదివావు, పాప ఎనిమిది చదువుతోంది, అమ్మ తప్పు చదివిందా అంటుంది. తప్పు కాదు, ప్లూటో లాంటివే ఆ చుట్టుపక్కల ఇంకా దొరుకుతుంటే 2006లో శాస్త్రవేత్తలు కూర్చుని గ్రహం అంటే ఏంటో నియమం పెట్టుకున్నారు, తన దారిలో తనే పెద్దది అయి ఉండాలి అని, ప్లూటో అందులో ఇమడలేదు, మన చంద్రుడి కన్నా కూడా చిన్నది అది. తెలిసేకొద్దీ పెద్దవాళ్లు కూడా దిద్దుకుంటారని పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నీకు తెలియని ప్రశ్న అడిగితే ఏదో ఒకటి చెప్పెయ్యకు, ఒక నోట్‌బుక్ పెట్టి అందులో దాని చేతే రాయించు, తర్వాత ఇద్దరూ కలిసి వెతకండి.

నా దగ్గర పాత బైనాక్యులర్ ఒకటి ఉంది, పంపిస్తా. పగలు పాప చేతికి ఇవ్వకు, పొరపాటున సూర్యుడి వైపు తిప్పితే కళ్లు పోతాయి. రాత్రి గోడకి ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుడి పక్కన చిన్న చిన్న చుక్కలు కనపడతాయి, అవి గురుడి చందమామలు, 1610లో గెలీలియో చూసినవే, పెద్దవి నాలుగు, ఒక్కోసారి మూడే కనపడతాయి, ఒకటి వెనకో ముందో ఉండి ఉంటుంది. ఒక గుండ్రం గీసి చుక్కలు ఎటువైపు ఉన్నాయో పెట్టించు, పక్కన తేదీ వేయించు, వరసగా ఓ వారం. ఆ కాగితాలు పారెయ్యకు, నేను వచ్చినప్పుడు పాప పక్కన కూర్చుని చూస్తా.

మీ పెద్దమ్మ