ఫ్యాన్ ఆపమంటే అత్తమ్మ అలిగారు

ప్రశ్న: మాది కడప జిల్లా. బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. పదో తరగతి లెక్కలు తెలుగులో చెబుతూ వీడియోలు పెడుతున్నాను. పదడుగులకు తొమ్మిదడుగుల చిన్న గదిలోనే రికార్డింగ్. అత్తమ్మ పడుకునేదీ, దేవుడి పటాలు ఉన్నదీ ఆ గదిలోనే. రెండు పెద్ద లైట్లు, స్టాండ్లు, ఎడిటింగ్‌లో వెనక దృశ్యం మార్చుకోవచ్చని వెనక కట్టడానికి ఆకుపచ్చ గుడ్డ కొన్నాను. గోడకు ఫోమ్ అతికించాను. ఒక ముక్క ఊడి రంగు పెచ్చు లేస్తే ఓనర్ గొడవ చేశారు. ఫ్యాన్ ఆపి, కాసేపు హాల్లో కూర్చోమన్నందుకు అత్తమ్మ ఊరికి వెళ్లిపోతానంటున్నారు. మా ఆయనేమో రూపాయి రాని పనికి ఇంత రభస ఎందుకంటారు. ఇంతా చేస్తే నా గొంతు బావిలోంచి మాట్లాడినట్టు వస్తోంది. మానేయమంటారా?
– ఒక సోదరి

జవాబు: మానేయక్కర్లేదమ్మా. కానీ ఆ ఫోమ్ మాత్రం ఈ రోజే తీసేయండి. దీపం వెలిగే గదిలో గోడకు ఫోమ్ ఉండకూడదు. ఒక్క నిప్పురవ్వ అంటుకుంటే చాలు, మంట చాలా వేగంగా పాకుతుంది, ఆ పొగ విషం. మీ అత్తగారు పడుకునేది అక్కడే కదా. పైగా అంగుళం మందం ఫోమ్ వీధి చప్పుడును ఆపలేదు. గదిలో మోగే సన్నటి ధ్వనిని కొంత పీల్చుకుంటుంది, అంతే.

గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉండటానికి ముఖ్య కారణం మైకు దూరం. ఫోన్ ఐదడుగుల అవతల ఉంటే, నోటి నుంచి నేరుగా వెళ్లే మాటతో పాటు ఖాళీ గోడలకు తగిలి తిరిగొచ్చిన మాట కూడా గట్టిగానే పడుతుంది. కొంగుకు పెట్టుకునే చిన్న కాలర్ మైకు ఒకటి కొనండి. గడ్డానికి జానెడు కిందగా, నగలకు, పిన్నులకు తగలకుండా పెట్టుకోండి. మైకు దూరం సగం తగ్గిన ప్రతిసారీ నేరుగా వచ్చే మాట ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఆపైన మీకు ఎదురుగా, ఫోన్ వెనక ఉన్న గోడ మీద ఇంట్లో ఉన్న మందపాటి రజాయినో బొంతనో వేలాడదీయండి. మీ మాట ముందు తగిలేది ఆ గోడకే. బట్టలతో నిండిన బీరువా తలుపు తెరిచిపెట్టినా కొంత మేలు. కోడిగుడ్ల అట్టలు గోడకు కొట్టమని ఎవరైనా చెబితే వినకండి.

మైకు దగ్గరికి వచ్చిందంటే ఫ్యాన్ తగువు కూడా చాలావరకు తీరిపోతుంది. ఒకటో నంబరు మీద తిప్పండి, మైకుకు చిన్న స్పాంజి తొడుగు వేయండి, గాలి నేరుగా పడని చోట కూర్చోండి. ఆగకుండా ఒకేలా వచ్చే ఫ్యాన్ హోరును ఎడిటింగ్ యాప్‌లో తగ్గించవచ్చు. కుక్కర్ విజిల్‌ను, పక్కింటి మిక్సీని తీయడమే కష్టం. మీ వైపు హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం నుంచి విమానాల మోత కూడా ఉంటుంది. అది వినిపించగానే ఆగిపోండి. రెండు సెకన్లు ఊరుకుని, లెక్కలో ఆ మెట్టును మొదటి నుంచి చెప్పండి. వాక్యం మధ్యలో అందుకుంటే అతుకు వినబడుతుంది.

ఇక స్థలం సంగతి. మీరు చెప్పేది లెక్కలు. పిల్లలు చూడాల్సింది కాగితం మీద కదిలే కలాన్ని. ముఖం మొదటి అర నిమిషం కనిపిస్తే చాలు, అది కిటికీకి ఎదురుగా కూర్చుని ఏ లైటూ లేకుండా తీసుకోవచ్చు. మిగతా పాఠానికి రెండడుగుల బల్ల, ఫోన్‌ను పట్టి ఉంచేందుకు దాని అంచుకు బిగించే మడత చేయి (ఫోన్ స్టాండు) ఒకటి సరిపోతాయి. ఫోన్‌ను కాగితానికి నలభై అయిదు సెంటీమీటర్ల ఎత్తున, కిందికి చూసేలా అడ్డంగా పెట్టండి. అడ్డంగా వేసిన ఏ4 కాగితం, మీ చేయి రెండూ అందులో పడతాయి. మామూలు లెన్సే వాడండి, వైడ్ పెడితే కాగితం అంచులు వంగుతాయి. కుడిచేత్తో రాసేవారైతే లైటు ఎడమవైపు ముందు నుంచి రావాలి, లేకపోతే రాస్తున్న అంకె మీదే చేతి నీడ పడుతుంది. నడినెత్తిన ట్యూబులైటు ఉంటే ఆర్పేయండి, ఫోన్ నీడ కాగితం మీద పడేది దానివల్లే. లైటును నేరుగా కొట్టకుండా తెల్ల థర్మోకోల్ షీటుకు తిప్పితే వెలుగు మెత్తబడుతుంది.

తెల్ల కాగితం మీదికి చేయి వచ్చిన ప్రతిసారీ దృశ్యం వెలిగి ఆరినట్టు అవుతుంటే, అది ఫోన్ తనంతట తాను వెలుగు సర్దుకోవడం. తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి. కాగితం మీద నల్ల చారలు పాకుతుంటే కారణం కరెంటుతో పాటు లైటు కంటికి కనబడకుండా మిణుకుమనడం. మన దేశంలో అది 50 హెర్ట్జ్, కాబట్టి ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టండి. పచ్చ గుడ్డ తీసేయండి. దానికీ మనిషికీ మధ్య కనీసం నాలుగైదు అడుగులు లేకపోతే ఆ పచ్చదనం చెంపల మీద పడుతుంది, మీ గదిలో అంత జాగా లేదు. రెండు పెద్ద లైట్లు, స్టాండ్లు కూడా అమ్మేయండి. రాత్రిపూట లేచిన పెద్దావిడ కాలికి ఆ స్టాండ్లూ వైర్లూ తగలకూడదు. బల్లకు బిగించే చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్ ఒకటి ఎస్.పి. రోడ్డులో దొరుకుతుంది. డబ్బా మీద సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 అని ఉన్నది చూసి తీసుకోండి.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. సొంతిల్లు వదిలి, భాష రాని ఊరికి వచ్చిన మనిషికి ఆ మంచం, ఆ పటాలు ఉన్న మూలే ఇల్లు. అక్కడి నుంచి లేవమన్నప్పుడల్లా తను అడ్డం అయ్యాననే ఆవిడకు అనిపించి ఉంటుంది. ముందు ఆ మాటకు క్షమాపణ చెప్పండి. సంజాయిషీ కలపకండి. తర్వాత, "అత్తమ్మా, మీరు ఏ వేళ గుడికో కిందికో వెళ్తారు? ఆ గంటలో నా పని చేసుకుంటాను" అని అడగండి. వారానికి మూడు రోజులు, రోజుకో గంట. ముందురోజే లెక్కలు రాసుకుంటే ఒక్క కూర్చోవడంలో రెండు మూడు పాఠాలు అయిపోతాయి. ఆ వేళ ఆవిడకు ఒంట్లో బాగోకపోతే ఆ రోజు రికార్డింగ్ లేదు. ఈ ఒక్క విషయంలో మీరు తగ్గాల్సిందే.

మీవారి ప్రశ్న తప్పేమీ కాదు, దానికి అంకెలతో జవాబు చెప్పండి. యూట్యూబ్‌లో పెద్ద వీడియోల ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, గత పన్నెండు నెలల్లో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. అది చేరాక కూడా ఇంటి అద్దె వస్తుందని ఆశ పెట్టకండి. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా గడువు అడగండి, అప్పటివరకు ఇంటి డబ్బుతో ఇంకే సామానూ కొననని మాటివ్వండి, లైట్లు అమ్మగా వచ్చిన డబ్బుతోనే మైకు, మడత చేయి, ప్యానెల్ కొనండి. ఆయన్ను ఒక్క సాయం అడగండి: ప్రతి పాఠం మొదటి నిమిషాన్ని ఇయర్‌ఫోన్‌తో విని, గొంతు ఎలా ఉందో చెప్పమనండి. మైకు ఆన్ చేయకుండా గంట పాఠం చెప్పేయడం ఈ పనిలో తరచూ జరిగే నష్టం.

గోడ మీది ఫోమ్‌ను లాగి పీకకండి. హెయిర్ డ్రయ్యర్‌తో టేపును వేడి చేస్తూ అంచు నుంచి నెమ్మదిగా లేపితే రంగు అంతగా ఊడదు. పెచ్చు లేచిన చోట పుట్టీ పెట్టి, ఓనర్‌ను రంగు నంబరు అడిగి మీరే వేయించండి. గోడ ఆరాక, దేవుడి పటాలు ఎక్కడుండాలో, మీ బల్ల ఎటు వేసుకోవాలో అత్తగారినే చెప్పమనండి.