ఎల్లోస్టోన్‌కి అమ్మానాన్నలను తీసుకెళ్లేముందు

చిరంజీవి కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన అమెరికా ఎల్లోస్టోన్ పార్కు ప్లాన్ చూశానురా. పొద్దున ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ (నేలలోంచి వేడినీళ్లు ఎగజిమ్మే బుగ్గ), మధ్యాహ్నానికల్లా మమ్మోత్ వేడినీటి బుగ్గలు, రాత్రికి పార్కు బయట! ఇలాగైతే మీ అమ్మానాన్నలు కారు కిటికీ తప్ప ఏమీ చూడరు. మమ్మోత్‌ని మర్నాటికి పెట్టుకుని, మొదటి రోజంతా ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చుట్టుపక్కలే ఉండండి.

అది సుమారు గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది. తర్వాతది ఎప్పుడో విజిటర్ సెంటర్‌లో రాసి పెడతారు, పది నిమిషాలు అటూ ఇటూ. అది అయిపోగానే జనం పార్కింగ్‌కి పరుగెడతారు. మీరు గ్రాండ్ గీజర్ టైమ్ కూడా కనుక్కుని అటు నడవండి. అక్కడ గంటో రెండు గంటలో కూర్చోవాల్సి రావచ్చు. పులిహోర డబ్బా, మంచినీళ్లు, గొడుగు ఉంటే టెన్షన్ లేదు. మడుగు మెల్లగా అంచుదాకా నిండుతుంది, నీళ్లు అలలుగా కదులుతాయి, ఉన్నట్టుండి 150 అడుగుల పైకి లేస్తాయి. ఆగిపోయింది కదా అని లేవొద్దు. ఒక్కోసారి కాస్త ఆగి మళ్లీ లేస్తుంది. నన్నడిగితే ఆ రెండోదే చూడాలి.

మీ అమ్మ బదరీనాథ్ తప్తకుండంలో స్నానం చేసిన మనిషి. ఇక్కడా కాళ్లు తడుపుకుందామంటుంది. ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లు. ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి, చాలా మడుగులు దాదాపు ఆ వేడి మీదే ఉంటాయి. చెక్క బాట పక్కన గట్టి నేలలా కనిపించేది ఒట్టి పెంకు, దాని కింద సలసల కాగే నీళ్లు ఉండొచ్చు. ఇప్పటిదాకా 20 మందికి పైగా అలా కాలి చనిపోయారు. టోపీ ఎగిరిపోతే పోనీ. పాప చెయ్యి మాత్రం నువ్వే పట్టుకో, ఫొటోలు కోడలు తీస్తుంది.

గోదావరి వంతెన మీద రైల్లోంచి వేసినట్టు రూపాయి బిళ్ల కూడా వెయ్యనివ్వకు. మార్నింగ్ గ్లోరీ మడుగులో జనం విసిరిన నాణేలు, చెత్త అడుగున వేడినీరు వచ్చే దారికి అడ్డుపడ్డాయి. నీరు చల్లబడి, నిండు నీలం అంచుల్లో పసుపు తిరిగింది.

గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడినీటి మడుగుకి పొద్దున్నే వెళ్తే ఆవిరి తప్ప ఏమీ కనపడదు. ఎండ ముదిరాక వెళ్లి, ఫెయిరీ ఫాల్స్ దారిలో ఉన్న గుట్ట మీద నుంచి చూడండి. ఎక్కుడు ఉంది, నెమ్మదిగా నడిపించు. మడుగు అంచుల్లోని ఆ నారింజ రంగు సూక్ష్మజీవులదని మీ నాన్నకి చెప్పు. కోవిడ్ ఆర్‌టీపీసీఆర్ పరీక్షకు మూలమైన ఎంజైమ్ మొదట దొరికింది ఇక్కడి వేడినీటి బుగ్గలోని బ్యాక్టీరియాలోనే. సైన్స్ మాస్టారు కదా, ఇక ఆయన్ని అక్కణ్నుంచి కదపలేవు.

తుంపర కళ్లజోడు మీద పడితే వెంటనే తుడిచేయమను. ఎండితే మరక పోదు. జులై అయినా రాత్రి చలేస్తుంది, స్వెటర్లు పెట్టుకోండి. పార్కులో రూమ్ దొరక్కపోతే వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో చూడు, కానీ ఈ వారమే బుక్ చెయ్యి.

ఉంటాను,
పెదనాన్న