ఏ పని ముందు, ఏ యంత్రం మీద?

ప్రశ్న: ఒంగోలులో మాకు చిన్న ఇంజనీరింగ్ వర్క్‌షాపు ఉంది. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లకు షాఫ్టులు, రొయ్యల గుంటల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లకు గేర్లు చేసి ఇస్తుంటాము. కంప్యూటర్ అదుపులో నడిచే సీఎన్‌సీ లేత్‌లు రెండు, ఒక మిల్లింగ్ యంత్రం, గేర్ పళ్లు కోసే యంత్రం ఒకటి ఉన్నాయి. ఏ పని ముందు ఎక్కించాలో మా ఫోర్‌మన్ ఉదయమే బోర్డు మీద రాస్తారు. మధ్యాహ్నానికి ఏదో ఒక అర్జెంటు పని వచ్చి ఆ వరుస తారుమారవుతుంది. ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి దీనికి జెనెటిక్ అల్గారిథమ్ వాడవచ్చని అంటోంది. మా వంటివారికి అది పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పనికొస్తుంది. ఎన్నో వరుసల్లోంచి మేలైనవాటిని జతకలుపుతూ ఇంకా మంచివాటిని వెతికే కంప్యూటర్ పద్ధతి అది. అయితే మీ పనులన్నీ ముందు లేత్, తరువాత మిల్లింగ్ అన్నట్లు ఒకే క్రమంలో రెండు యంత్రాల మీదుగానే సాగేవైతే దాని అవసరమే లేదు. మొత్తం పని త్వరగా ముగిసే వరుసను 1954లో జాన్సన్ చెప్పిన సూత్రంతో కాగితం మీదే తేల్చవచ్చు. మీకు నాలుగు యంత్రాలున్నాయి, పైగా ఒకే పనిని రెండు లేత్‌లలో దేనిమీదైనా ఎక్కించవచ్చు. సరుకు చేరవేత కూడా కంప్యూటర్ అదుపులో నడిచే ఫ్లెక్సిబుల్ మాన్యుఫాక్చరింగ్ సిస్టమ్ మీది కాకపోయినా, చిక్కు మాత్రం అక్కడిదే.

ఆ చిక్కు ఎంతటిదో చూడండి. ఆరు పనులను ఒక యంత్రం మీద 720 వరుసల్లో పెట్టవచ్చు. ప్రతి పనీ నాలుగు యంత్రాలకూ వెళ్లేదైతే 720ని నాలుగుసార్లు వేసి గుణించాలి; అది సుమారు 26,874 కోట్లు. వాటిలో ఆచరణకు కుదరనివి తీసేసినా, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా చూడటం మనిషి వల్ల కాదు. పది పనులు, పది యంత్రాలతో ఫిషర్, థాంప్సన్ 1963లో ఇచ్చిన ఒక లెక్కకు 930 కాల యూనిట్ల కన్నా తక్కువ సమయం సాధ్యం కాదని రుజువు కావడానికి 1989 దాకా పట్టింది. కనుక మీ ఫోర్‌మన్ వరుస మధ్యాహ్నానికి చెదిరిందంటే అది ఆయన నేర్పులోని లోపం కాదు.

జాన్ హాలండ్ 1975లో గ్రంథంగా వెలువరించిన జెనెటిక్ అల్గారిథమ్ పద్ధతిని 1985లో లారెన్స్ డేవిస్ వర్క్‌షాపు షెడ్యూళ్లకు అన్వయించారు. ముందుగా వంద వరుసలను ఎలాగో ఒకలా తయారుచేసి, ఒక్కొక్కదానికీ మార్కులు వేసి, మంచి మార్కులు వచ్చినవాటిని జతకలిపి కొత్త వరుసలు పుట్టిస్తారు. తరాలు గడిచేకొద్దీ మేలైన వరుసలు నిలుస్తాయి. జతకలపడంలో ఒక మెలకువ ఉంది. తల్లి వరుస 1-2-3-4-5-6, తండ్రి వరుస 3-6-1-5-2-4 అనుకోండి. చెరి సగం కోసి అతికిస్తే 1-2-3-5-2-4 వస్తుంది. రెండో పని రెండుసార్లు పడింది, ఆరో పని మాయమైంది. అందుకని మొదటి సగం ఉంచి, మిగిలిన పనులను తండ్రిలో కనిపించిన క్రమంలో నింపితే 1-2-3-6-5-4 అవుతుంది. అన్నీ ఒకే మూసలో పడిపోకుండా అప్పుడప్పుడు రెండు పనుల స్థానాలు మార్చుతారు. ఏ పని ఏ లేత్‌కు వెళ్లాలన్నది పక్కన మరో వరుసగా రాసుకుంటే సరిపోతుంది.

అసలు శ్రద్ధ పెట్టవలసినది మార్కుల దగ్గర. పని త్వరగా ముగిస్తే చాలునని చెబితే కంప్యూటర్ దానినే చూస్తుంది, ఎవరి పని ఆలస్యమైందో దానికి పట్టదు. రొయ్యల గుంటలో ప్రాణవాయువు రాత్రంతా తగ్గుతూ తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. ఆ సాయంత్రానికి అందవలసిన ఏరియేటర్ గేరు ఒక పూట ఆలస్యమవడం, విడిభాగంగా నిల్వ ఉంచుకునే షాఫ్టు రెండు రోజులు ఆలస్యమవడం ఒకటి కావు. ఏ ఆలస్యానికి ఎన్ని మార్కులు తగ్గించాలో నిర్ణయించవలసినది మీరూ మీ ఫోర్‌మనూ. ఆ విషయం మీ అమ్మాయికి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

అర్జెంటు పని వచ్చినప్పుడు మొత్తం మొదటినుంచి వేయనక్కరలేదు. యంత్రం మీద ఉన్న పనులను కదపకుండా, మిగిలినవాటికి పాత వరుసలతోనే మళ్లీ వెతుకులాట మొదలుపెట్టాలి. వచ్చిన జవాబు అన్నిటికన్నా ఉత్తమమైనదేనన్న హామీని ఈ పద్ధతి ఇవ్వదు. అయినా తొలి వంద వరుసల్లో మీ ఫోర్‌మన్ రాసినదాన్ని కూడా చేర్చి, ప్రతి తరంలోనూ అత్యుత్తమమైనదాన్ని చెక్కుచెదరకుండా తదుపరి తరానికి పంపితే, మీరు పెట్టుకున్న కొలత ప్రకారం ఫలితం ఆయన వరుసకన్నా తీసికట్టుగా ఉండే అవకాశమే లేదు.

వీటన్నిటికీ ముందు ఒక నోటుపుస్తకం పెట్టండి. నెల రోజులపాటు ప్రతి పనికీ బిగింపుకు పట్టిన నిమిషాలు ఒక గడిలోనూ, కోతకు పట్టిన నిమిషాలు మరో గడిలోనూ రాయించండి. ఒక షాఫ్టు తరువాత అదే సైజు షాఫ్టు ఎక్కిస్తే బిగింపు సమయం తగ్గుతుంది కాబట్టి, దానికి ముందు ఏ పని చేశారో కూడా రాయాలి. మీ అమ్మాయి ప్రోగ్రాముకు కావలసిన అంకెలు ఆ పుస్తకంలోనే ఉంటాయి.