చీటీ పాడిన డబ్బుతో ప్రొజెక్టరా, టీవీయా?

ప్రశ్న: మాది ఎచ్చెర్ల. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. జీతం 31,000 చేతికొస్తుంది. ఇంట్లో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. పాత టీవీకి నిలువు గీతలు పడుతున్నాయి. మొన్న లక్ష రూపాయల చీటీ పాడితే 82,000 వచ్చింది. నెలకు 5,000 చొప్పున ఇంకా 12 వాయిదాలున్నాయి. బ్యాంకులో 30,000 బంగారం లోను కూడా ఉంది. విశాఖలో ఉండే మా బావమరిది 15,000 పెట్టి ప్రొజెక్టర్ కొన్నాడు, గోడంతా సినిమానే. షాపులో 55 అంగుళాల టీవీ 48,000 చెబుతున్నారు, 9 నెలల నో కాస్ట్ ఈఎంఐ. రొక్కమైతే 44,500. ఏది కొనమంటారు?

జవాబు: టీవీయే కొనండి. అదీ 55 కాదు, 43 అంగుళాలది, 28,000 లోపు, రొక్కమిచ్చి.

మీ ఉత్తరంలో లేని ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో టీవీ ఎక్కువసేపు చూసేది ఎవరు? మీరూ కాదు, పిల్లలూ కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సీరియళ్ల ముందు కూర్చునే మీ అమ్మగారు. మీకు నైట్ షిఫ్టు పడిన వారం మీరూ చూసేది పగలే. ప్రొజెక్టర్ పగలు పనికిరాదు. 15,000లో వచ్చేవాటికి అసలు వెలుగే తక్కువ. ఉన్న ఆ కాస్త వెలుగూ 100 అంగుళాల బొమ్మ మీద పరుచుకుంటుంది. 43 అంగుళాల టీవీతో పోలిస్తే ఆ బొమ్మ విస్తీర్ణం దాదాపు ఐదున్నర రెట్లు. కిటికీ తెరిచారంటే హీరో మొహం వెలిసిపోయిన పోస్టరులా కనిపిస్తుంది. మన ఎండల్లో తలుపులూ కిటికీలూ మూసి, కర్టెన్లు దించి సీరియల్ చూడమని అమ్మగారికి మీరు చెప్పగలరా?

బావమరిదిగారు చెప్పిన 15,000 కూడా పూర్తి లెక్క కాదు. తెర, దాన్ని బిగించే ఖర్చు, ఓటీటీకి స్టిక్, విడిగా స్పీకర్, పైకప్పుకి తగిలించే స్టాండు, వైర్లు అన్నీ కలిపితే 30,000 దగ్గరికి పోతుందని నా అంచనా. డబ్బా మీద ‘4కె సపోర్ట్’ అని ఉంటే 4కె బొమ్మ వస్తుందని కాదు, 4కె సిగ్నల్ ఇస్తే తీసుకుంటుందని మాత్రమే. అడగాల్సింది ‘నేటివ్ రిజల్యూషన్’ ఎంత అని, అంటే ప్రొజెక్టర్ నిజంగా చూపించే చుక్కలు (పిక్సెళ్లు) ఎన్ని అని. వెలుగు సంగతికొస్తే ‘ఆన్సీ ల్యూమెన్స్’ (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు) ఎంతో అడగాలి. పెద్ద అక్షరాల్లో వేసే 8,000, 10,000 ల్యూమెన్స్ అంకెల్ని నమ్మొద్దు. నేనూ ఒకప్పుడు మోజుపడి 11,000 పెట్టి చిన్న ప్రొజెక్టర్ కొన్నాను. రెండేళ్లకు లోపల దుమ్ము చేరి తెర మధ్యలో నల్ల మచ్చ వచ్చింది. బాగుచేసేవాళ్లు మన జిల్లాలో దొరకలేదు. ఇప్పుడది అటక మీదుంది, మా ఆవిడ దాని ఊసెత్తినప్పుడల్లా నేను మాట మారుస్తాను.

గంటకు ఎంత పడుతుందో చూద్దాం. 28,000 టీవీ రోజుకు 5 గంటల చొప్పున ఏడేళ్లు నడిచిందనుకుంటే గంటకు రెండు రూపాయల పైచిలుకు. ప్రొజెక్టర్ మీద వారానికి రెండు సినిమాలు, అంటే ఐదు గంటలు, నాలుగేళ్లు చూశారనుకున్నా గంటకు 29 రూపాయలు. పైగా పగటికి మళ్లీ టీవీ ఉండాల్సిందే. కరెంటు బిల్లులో పెద్ద తేడా రాదు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇక ఆ నో కాస్ట్ ఈఎంఐ. రొక్కానికీ వాయిదాలకీ తేడా 3,500 ఉందని మీరే రాశారు. వడ్డీ అంటే అదే! నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్కగడితే నూటికి నెలకు రూపాయిన్నర పైమాటే. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటే ఇంకా ఎక్కువ. సున్నా వడ్డీ అనేది అసలు లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇంకో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ప్రొజెక్టర్లకూ అంతే. ఆ తగ్గింపునే తమ సొంత ఆఫర్‌లా చెబితే మురిసిపోకండి.

నాకు టీవీ కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మీ చీటీ. పాడకముందు చీటీ పొదుపు, పాడాక అది అప్పు. ఆ 82,000 మీ డబ్బే అనిపిస్తుంది గానీ అందులో చాలా భాగం రాబోయే ఏడాదిలో మీరు తిరిగి కట్టాల్సిందే. చీటీకి నెలకు 5,000, టీవీ ఈఎంఐ 5,333 కలిస్తే జీతంలో మూడోవంతు పోతుంది. డివిడెండు (పాటలో తగ్గిన సొమ్ములో మీ వాటా) వచ్చి కొంత తగ్గినా దాదాపు అంతే బరువు. ఒక్క నెల ఓవర్‌టైమ్ పడకపోతే మీకు జామీను ఉన్నవాళ్లకు ఫోన్లు వెళ్తాయి, అది మాట పోయే వ్యవహారం.

అందుకని ముందు 30,000 కట్టి బంగారం విడిపించుకోండి. ముప్పావలా వడ్డీయే కదా అనుకోవద్దు, రేపు ఇంట్లో ఏదైనా అవసరం వస్తే అదే నగ మళ్లీ అక్కరకొస్తుంది. టీవీకి 28,000 పోగా మిగిలే 24,000 పొదుపు ఖాతాలో ఉంచి, దాన్ని చీటీ వాయిదాలకే అని గుర్తుపెట్టుకోండి. దాదాపు ఐదు నెలల వాయిదాలు అందులో ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస వైపు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండటం మీరూ చూసే ఉంటారు. అలాంటి వారం కూడా వాయిదా తేదీ ఆగదు.

టీవీతో పాటు, కరెంటు ఒక్కసారిగా ఎక్కువైతే దాన్ని కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి కొనండి, ఈదురుగాలులకు కరెంటు పోయి వచ్చే మన దగ్గర అది ఉండాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టబోతే ప్యానెల్‌కి, అంటే టీవీ తెరకి, వర్తిస్తుందో లేదో కాగితం మీద చూపించమనండి.

పెద్ద తెర సరదా పిల్లలకు ఉంటే సంక్రాంతికి బావమరిదిగారిని ఆ ప్రొజెక్టర్ పట్టుకుని రమ్మనండి. రాత్రిపూట డాబా మీద తెల్ల దుప్పటి కట్టేస్తే సరిపోతుంది. స్పీకర్ కూడా ఆయన్నే తెమ్మనండి.