కుందేలు కోటు సంగతి నువ్వు చెప్పకు

నల్లకుంట, హైదరాబాద్

అమ్మాయీ,

చిన్నపిల్లల బొమ్మల పుస్తకంగా నువ్వు తెలుగు చేస్తున్న ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ రాతప్రతి మొన్న చేరింది. పక్కవాటా ఐదేళ్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని పైకి చదివాను. నాలుగో పేజీకల్లా వాడు నా చెయ్యి తోసేసి, మీ ఆర్టిస్టు వేసిన పెన్సిలు బొమ్మలు తనే తిప్పుకోవడం మొదలుపెట్టాడు. వాక్యాలు బాగున్నాయి, కాకపోతే మరీ ఎక్కువ.

ఆ నాలుగో పేజీయే చూడు. “గళ్ల కోటు తొడుక్కున్న తెల్ల కుందేలు జేబులోంచి గడియారం తీసి చూసుకుని, గాభరాగా పరుగెత్తింది” అని రాశావు. పక్కనే బొమ్మలో గళ్ల కోటు ఉంది, గడియారం ఉంది, గాభరా కూడా ఉంది. ఇక నీ వాక్యానికి పనేముంది? బొమ్మ వినిపించలేనిది కుందేలు గొంతు ఒక్కటే. “అమ్మో, ఆలస్యమైపోయింది!” ఇదొక్కటీ ఉంచు. కోటు సంగతి పిల్లవాడు చూసి నీకు చెప్పాలి.

మూలాన్ని కోయడానికి చేతులు రావడం లేదన్నావు. కోసినవాడు సాక్షాత్తూ ఆ మూలం రాసిన లూయిస్ కారల్! 1865 నాటి పుస్తకంలో టెన్నియల్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు 42. ఐదేళ్లలోపు పిల్లల కోసం 1890లో ‘ది నర్సరీ ఆలిస్’ అని తనే తిరగరాసినప్పుడు వాటిలో 20 మాత్రం ఉంచి, పెద్దవి చేయించి, రంగులు వేయించాడు. అందులో కథ చెప్పడం కంటే బొమ్మ చూపిస్తూ కబుర్లాడటమే ఎక్కువ. కుందేలు వణకడం చూడాలంటే పుస్తకాన్ని కాస్త అటూ ఇటూ ఊపమంటాడు. ఇంకోచోట కాగితం మూల ఎత్తితే పిల్లి మాయమై, దాని నవ్వు ఒక్కటే ఆలిస్ ఎదుట మిగులుతుంది. మాటలు చేసే పని కాగితంతో చేయించాడు, గడుసువాడు. మొదట అచ్చయిన 10 వేల ప్రతులను రంగులు మరీ కొట్టొచ్చినట్టున్నాయని వద్దన్నాడు కూడా. మన దగ్గర ఏ ప్రచురణకర్త పడతాడు ఆ బాధ?

నీకున్నవి 32 పేజీలు, అంటే అచ్చు లెక్కలో పదహారేసి పేజీల ఫారాలు రెండు. ఏ పేజీ కుడివైపు వస్తుంది, ఏది ఎడమవైపు వస్తుంది అనే లెక్క వేసుకోకనే నేను ఒకసారి దెబ్బతిన్నాను. చివరి నిమిషంలో ఎవరో ముందు ఒక పేజీ చేర్చడంతో నా మొదటి బొమ్మల పుస్తకంలో అన్నీ ఒక పేజీ జరిగిపోయాయి. పిల్లవాడు బావిలో పడటం ఎడమవైపు, అడుగున ఏముందో కుడివైపు! “తర్వాత ఏమైంది?” అని ఒక్కరూ అడగలేదు. జవాబు పక్కనే ఉంటే ఎందుకు అడుగుతారు? నీ ఆలిస్ బొరియలో పడటం కుడి పేజీలో రావాలి. “పడుతూ, పడుతూ, పడుతూ” అని వాక్యం అక్కడ తెగాలి. తిప్పాకే నేల.

డోర్‌మౌస్‌ను ‘నిద్రమొహం ఎలుక’ అన్నావే, ఆ మాట ముద్దొచ్చింది. కానీ ఆలిస్‌ను అలివేలును చేసి గోదావరి గట్టున కూర్చోబెట్టడం దేనికి? ఉజ్జయిని ఎక్కడుందో తెలియకుండానే విక్రమార్కుడి భుజం మీది బేతాళుణ్ణి నమ్మినవాళ్లం మనం. ఆలిస్‌ను ఆలిస్‌గానే ఉండనివ్వు.

ఎనిమిది కాగితాలు మధ్యకు మడిచి కుట్టు, 32 పేజీల డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారవుతుంది. బొమ్మలు అతికించి, ఆ తర్వాతే మాటలు రాయి. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో పాత పుస్తకాల దగ్గర ఉంటాను, తీసుకురా. పక్కవాటావాడూ వస్తానంటున్నాడు. కుందేలు కోటుకు బొత్తాలు ఎన్ని అని రెండు రోజులుగా నన్ను వేపుకు తింటున్నాడు, ఆర్టిస్టును అడిగి రా.

ఆశీస్సులతో,
మాష్టారు