గోడ తగాదా దాచిపెట్టి ఇల్లు అమ్మొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 52. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 68,000, ఇంటి ఖర్చు 45,000. 200 గజాల్లో ఉన్న మా ఇల్లు 95 లక్షలకు బేరం కుదిరింది. 5 లక్షలు బయానా తీసుకుని అగ్రిమెంటు రాసుకున్నాం. నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్. నేను తప్పితే బయానా రెట్టింపు ఇవ్వాలని అందులో ఉంది. అయితే మా ప్రహరీ అడుగున్నర తన జాగాలోకి వచ్చిందని, ఆ జాగా తనదేనని పక్కింటాయన రెండేళ్ల కిందట దావా వేశాడు. కొనేవాళ్లకు ఈ సంగతి చెప్పలేదు. 'ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లో) కేసు కనపడదు, మీరు నోరెత్తకండి' అంటున్నాడు బ్రోకర్. 3 లక్షలిస్తే దావా వెనక్కి తీసుకుంటానని పక్కింటాయన కబురు పంపాడు. ఈలోగా 70 లక్షల ఫ్లాటు బుక్ చేసి బిల్డర్‌కు 15 లక్షలు కట్టాను. అందులో బయానా డబ్బు 5 లక్షలు, రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి 6 లక్షలు, బంగారం మీద తెచ్చినవి 4 లక్షలు. రసీదులిచ్చాడు, అగ్రిమెంటు తర్వాత రాద్దామన్నాడు. చేతిలో 60,000 ఉన్నాయి. పర్సనల్ లోన్ తీసుకుని పక్కింటాయనకు ఇచ్చేయమంటారా?
– పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు: వద్దు. ఆ పర్సనల్ లోన్ మాట ఇక ఎత్తకండి.

పక్కింటి తగాదాలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఇంతమంది ఉత్తరాల్లో మీదే తీసుకోవడానికి కారణం వేరే. ఇల్లు అమ్మిన డబ్బు చేతికి రాకముందే దాన్ని ఖర్చు పెట్టేసేవాళ్లను తరచూ చూస్తున్నాను. దావాలో ఉన్న ఇంటి మీద వచ్చే డబ్బును కూడా అలాగే ఖర్చు పెట్టేశారు మీరు.

ముందు మీ నెల లెక్క చూద్దాం. 6 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 12,000. ఏడాదికి 24 శాతం. బంగారం మీద వడ్డీ ఎంతో మీరు రాయలేదు, రూపాయి వేసుకుంటే 4,000. జీతంలోంచి ఇంటి ఖర్చు, ఈ 16,000 పోతే మిగిలేది 7,000. 3 లక్షల పర్సనల్ లోన్ మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ పది వేల దాకా ఉంటుంది. అంటే ఆ ఈఎంఐ కట్టడానికి ఇంకో అప్పు. వాయిదా అటూ ఇటూ అయి రిజిస్ట్రేషన్ ఒక ఏడాది ఆలస్యమైతే వడ్డీలకే 1,92,000 పోతుంది. ఇంత చదువుకున్నవారు, రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఫ్లాటుకు కడతారా?

తగాదా దాచాలని మీకెందుకు అనిపిస్తోందో కూడా ఈ లెక్కలోనే ఉంది. కొనేవాళ్లు వెనక్కి తగ్గితే నెల కూడా ఆగే స్తోమత మీకు లేదు. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2,70,000 బ్యాంకులో పడి ఉంటే కేసు సంగతి మొదటి రోజే చెప్పేవారు. 'ఇష్టమైతే కొనండి, లేకపోతే ఇంకొకరికి అమ్ముకుంటాం' అనగలిగేవారు. ఎమర్జెన్సీ ఫండ్ ఆస్పత్రి ఖర్చుకో, ఉద్యోగం పోయినప్పటికో అని జనం అనుకుంటారు. బేరం దగ్గర తొందర పడకుండా కూర్చోబెట్టేదీ అదే. కోర్టు కేసు నడుస్తున్న ఇంట్లో ఉన్నవాళ్లకు ఆరు నెలలు చాలదంటాను నేను. లాయరు ఫీజులు, వాయిదాలు కలుపుకుని తొమ్మిది నెలలది ఉండాలి. మీకైతే 4 లక్షలు. ఉన్నది 60,000.

ఇక బ్రోకర్ మాట. అందులో సగం నిజం. ఈసీలో వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలు. పక్కింటాయన వేసిన దావా మామూలుగా అందులో కనపడదు. కానీ ఈసీ ఒక్కటే చూసి 95 లక్షలు ఎవరు పెడతారండీ? ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో జిల్లా, కోర్టు ఎంచుకుని మీ పేరు కొడితే కేసు నంబరు, వాయిదా తేదీ వచ్చేస్తాయి. వాళ్లు హోం లోనుకు వెళితే బ్యాంకు లాయరు అడుగుతాడు. కొందరు 'ఫలానా ఆస్తి కొంటున్నాం, అభ్యంతరాలుంటే తెలపండి' అని పేపర్లో ప్రకటన వేయిస్తారు. మీ పక్కింటాయన అది చదివి ఊరుకుంటాడా? ఇవేవీ జరగకపోయినా, ఇంకోసారి ఇల్లు చూద్దామని సాయంత్రం పూట వచ్చినావిడతో పక్కింటావిడ గోడ మీద నుంచి రెండు నిమిషాలు మాట్లాడితే చాలు.

చట్టం సంగతి మీ లాయరు వివరంగా చెబుతారు, నేను డబ్బుకు సంబంధించినంత వరకే చెబుతాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ఉంది. ఆస్తిలో గానీ హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేనిదైతే చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కింద లెక్క. అదే చట్టం 52వ సెక్షన్ ప్రకారం, దావా నడుస్తుండగా ఆస్తి చేతులు మారితే రేపటి తీర్పుకు కొన్నవాళ్లూ కట్టుబడాలి. రిజిస్ట్రేషన్ రోజు మీ దస్తావేజులో ఒక వాక్యం ఉంటుంది: సదరు ఆస్తిపై ఎటువంటి తాకట్లు, కోర్టు తగాదాలు లేవు, ముందు ముందు ఏవైనా వస్తే నా సొంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడను అని. రైటర్లు అలవాటుగా రాసేస్తారు, జనం చదవకుండా సంతకం పెట్టేస్తారు. మీరు పెడితే అది తెలిసి పెట్టిన అబద్ధపు సంతకం. సొంత ఖర్చులతో అన్న మాట మీ పెన్షన్ వయసులో మీ తలుపు తడుతుంది.

(కారు గేటుకు అడ్డం పెట్టడం, పైనుంచి బట్టల నీళ్లు కారడం లాంటి రోజువారీ కీచులాటలు ఈ లెక్కలోకి తేనక్కర్లేదు. పోలీసు ఫిర్యాదు, లాయరు నోటీసు దాకా వెళ్లినవైతే అవీ చెప్పేయమనే నా సలహా.)

అసలు గొడవ ఎంతదో కొలిచారా? ప్రహరీ పొడవు యాభై అడుగులనుకుంటే, అడుగున్నర వెడల్పున 75 చదరపు అడుగులు. ఎనిమిది గజాల పైచిలుకు. గజం 30,000 వేసుకున్నా రెండున్నర లక్షల జాగా. దాచిన సంగతి బయటపడి బేరం చెడితే మీరు ఇవ్వాల్సి రావచ్చు అనుకోవాల్సింది 10 లక్షలు. ఆ 5 లక్షల బయానా ఇప్పటికే బిల్డర్ జేబులో ఉంది.

కాబట్టి మొదట వెళ్లాల్సింది బిల్డర్ దగ్గరికి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ఫ్లాటు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. 70 లక్షలకు పది శాతం 7 లక్షలు. మీ దగ్గర 15 తీసుకుని రసీదులు చేతిలో పెట్టాడు. మిగతా 8 లక్షలు వెనక్కి అడగండి, ఈమెయిల్లో అడగండి. 'అగ్రిమెంటు రిజిస్టర్ చేస్తాను, డబ్బు ఉంచండి' అంటాడు. ఒప్పుకోకండి. మీకు ఇప్పుడు కావాల్సింది డబ్బు. మొండికేస్తే ఏపీ రెరాలో ఫిర్యాదు చేయొచ్చు. ఆ 8 లక్షలు వస్తే రెండు రూపాయల అప్పు 6 లక్షలు అదే రోజు తీర్చేసి నోటు వెనక్కి తీసుకోండి. మిగిలిన 2 లక్షలు ఎమర్జెన్సీ ఫండ్‌కు మొదటి ఇటుక.

పక్కింటాయన అడిగే 3 లక్షలు ఇవ్వాలా అన్నది సర్వేయర్‌తో ఇద్దరి దస్తావేజుల హద్దులూ కొలిపించాక తేల్చండి. ఆయన చెప్పేది నిజమే కావచ్చు కూడా. రాజీ కుదిరితే పెద్దమనుషుల మధ్య తెల్లకాగితం మీద కాకుండా లోక్ అదాలత్‌లో పెట్టించండి. అక్కడిచ్చే అవార్డు, అంటే రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. జాగా హక్కు మారుతుంటే రిజిస్ట్రేషన్ కూడా కావాలేమో లాయర్ను అడగండి. డబ్బు మాత్రం మీరు ముందుగా తేవద్దు. కొనేవాళ్లు ఒప్పుకుంటే వాళ్లివ్వాల్సిన తర్వాతి వాయిదాలోంచే నేరుగా పక్కింటాయన ఖాతాకు, అవార్డు వచ్చిన రోజున వెళ్లేలా రాసుకోండి.

నిజం చెబితే వాళ్లు రెండు మూడు లక్షలు తగ్గించమంటారు. తగ్గించండి.

క్యాపిటల్ గెయిన్స్, అంటే ఇల్లు అమ్మిన లాభం మీద పన్ను, ఎంతవుతుందో రిజిస్ట్రేషన్‌కు ముందే ఆడిటర్‌తో లెక్క వేయించుకోండి. ఇంత అప్పున్నవాళ్లకు టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే అదీ చూసుకోవాలి. ఇల్లు అమ్మిన డబ్బు వచ్చాక మొదట 4 లక్షల నిధి నింపి, బంగారం విడిపించి, ఆ తర్వాతే ఫ్లాటు.

కొనేవాళ్లకు ఈ ఆదివారమే ఫోన్ చేసి ఇంటికి రమ్మనండి. దావా కాపీ, వాయిదా వివరాలు జిరాక్స్ తీసి చేతికివ్వండి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. బ్రోకర్‌ను పిలవకండి.