చిన్న కారుకి 14 తీసేసి 16 అంగుళాల అల్లాయ్స్ వేయొచ్చా? సైజు ముఖ్యమా, బరువు ముఖ్యమా?

మీ కారు 165/80 ఆర్14 టైర్లతో, స్టీల్ రిమ్‌లతో వచ్చిన చిన్న హ్యాచ్‌బ్యాక్. 16 అంగుళాల అల్లాయ్స్ (అల్యూమినియం మిశ్రమంతో చేసిన రిమ్‌లు) మీద మనసు పడ్డారు. పికప్ చచ్చిపోతుందని కొందరు, ఏమీ కాదు వేసేయమని కొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలని కదా మీ ప్రశ్న? నా జవాబు ముందే చెప్పేస్తాను. 15 వేయండి. చక్రం మొత్తం ఎత్తు మారకూడదు. టైరు, రిమ్ కలిపిన బరువు ఇప్పుడున్నదానికంటే కేజీ, కేజీన్నరకు మించి పెరగకూడదు. ఈ రెండూ కుదిరితే 16 కూడా తప్పేమీ కాదు, కానీ బరువు దగ్గర కుదరడం కష్టం. 17 జోలికి మాత్రం వెళ్లకండి.

నేను మీ సైజు నుంచే 15కి మారి చాలాకాలంగా వాటి మీదే తిరుగుతున్నాను. మా బావమరిది ఇంచుమించు ఇలాంటి కారుకే 17 వేయించాడు. ఆ బండి ఖాళీగా, నిండుగా, మంచి రోడ్డు మీద, గుంతల్లో అన్ని రకాలుగా నడిపాను. కాబట్టి రెండింటి సంగతీ తెలిసే రాస్తున్నాను.

ముందు ఎత్తు లెక్క చూద్దాం. 165/80 ఆర్14లో 165 అంటే టైరు వెడల్పు మి.మీ.లో, 14 అంటే రిమ్ అంగుళాల్లో. 165లో 80 శాతం అంటే 132 మి.మీ. అది టైరు పక్కగోడ, అంటే సైడ్‌వాల్. పైనా కిందా రెండు గోడలు కలిపితే 264. రిమ్ 14 అంగుళాలంటే 355.6 మి.మీ. మొత్తం దాదాపు 620 మి.మీ. ఇదే లెక్క 185/65 ఆర్15కి వేస్తే 621న్నర, 195/55 ఆర్16కి వేస్తే 621. మూడూ ఒకటే ఎత్తు అనుకోవచ్చు. స్పీడోమీటర్ తేడా రాదు, గేరింగ్ మారదు, గ్రౌండ్ క్లియరెన్స్ మారదు. అదే 205/55 ఆర్16 వేశారనుకోండి, 632 అవుతుంది, రెండు శాతం ఎక్కువ. మీటరులో కనిపించే దానికంటే బండి కాస్త ఎక్కువ వేగంతో పోతుంటుంది. పైగా ప్రతి గేరూ కొంచెం పొడుగు గేరైపోతుంది. చిన్న ఇంజన్‌కి ఇది బాగానే తెలుస్తుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగేది రెండుకి దింపమంటుంది. "పెద్ద వీల్స్ వేస్తే పికప్ పోయింది" అనేవాళ్లలో చాలామంది బండ్లలో అసలు సంగతి ఇదే. తప్పు రిమ్‌ది కాదు, ఎత్తు పెరిగిన టైరుది.

ఇక బరువు. దీని గురించి ఎవరైనా చెప్పింది నమ్మకండి, తూచండి. షాపులో రిమ్ బరువు అడిగితే "లైట్‌వెయిట్ సార్" అంటారు తప్ప అంకె చెప్పరు. నేను ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మెషిన్‌తోనే పని కానిచ్చాను. ముందు ఒక్కడినే నిలబడి, తర్వాత చక్రాన్ని గుండెలకు హత్తుకుని నిలబడటమే. చక్రం అడ్డం ఉంటుంది కాబట్టి కింద అంకె మనకు కనపడదు, ఇంకొకరు వంగి చదవాలి. రెండో సంగతి, పాత బట్టలు వేసుకోండి. బ్రేక్ ధూళి ఉతికినా వదలదు.

అలా తూచితే నా పాత స్టీల్ రిమ్, టైరు కలిపి 14 కేజీలకు అటూ ఇటూ వచ్చింది. ఇప్పటి 15 అంగుళాల అల్లాయ్, టైరుతో కలిపి 15 కేజీలు. బావమరిది 17 మాత్రం 19 దాకా తూగింది. దాన్ని ఎత్తి పట్టుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు, అల్లాయ్ అంటేనే తేలిక అని. అల్యూమినియం ఇనుము కంటే తేలికే, సాంద్రతలో మూడో వంతే. కానీ బలం కోసం దాన్ని మందంగా పోత పోయాలి. అందుకే అదే సైజులో స్టీల్ రిమ్‌కీ మామూలు పోత అల్లాయ్‌కీ తేడా చాలాసార్లు అరకేజీ, కేజీ లోపే ఉంటుంది. కొన్ని చవక అల్లాయ్స్ స్టీల్ కంటే బరువు కూడా. అల్లాయ్‌తో అసలు లాభం ఏంటంటే, ఒక అంగుళం పెరిగినా బరువు పెద్దగా పెరగకుండా ఆగుతుంది. రెండంగుళాలు పెరిగేసరికి ఆ లాభం కాస్తా అయిపోతుంది. ఫ్లో ఫార్మ్‌డ్ (పోత పోశాక అంచుని రోలర్లతో నొక్కి పలచగా సాగదీసినవి), ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా లోహాన్ని గట్టిగా నొక్కి చేసినవి) రకాలు నిజంగానే తేలిక. మీరు 16 మీదే పట్టుబడితే ఫ్లో ఫార్మ్‌డ్ చూడండి, లేదంటే 15 దగ్గరే ఆగండి.

బరువు పెరిగితే ఏమవుతుంది? "చక్రంలో ఒక కేజీ అంటే బాడీలో పది కేజీలతో సమానం" అని ఒక మాట తిరుగుతుంటుంది. పికప్ విషయంలో అది శుద్ధ అబద్ధం. తిరిగే వస్తువుని ముందుకు తోయాలి, తిప్పాలి కూడా, కాబట్టి కొంత అదనపు భారం నిజమే. కానీ బయటి అంచున, అంటే టైరు ట్రెడ్ దగ్గర ఉన్న కేజీ కూడా రెండు కేజీలకు మించి లెక్కకు రాదు. రిమ్ లోపలికి ఉంటుంది కాబట్టి అక్కడి కేజీ ఒకటిన్నర లోపే. బావమరిది బండికి చక్రానికి ఐదు కేజీల చొప్పున ఇరవై కేజీలు పెరిగాయి. పికప్ లెక్కలో అది ముప్ఫై కేజీలు అనుకోండి. వెనక సీట్లో ఒక పదేళ్ల పిల్లాడు ఎక్కి కూర్చున్నట్టు. దానికి పికప్ చచ్చిపోదు. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగి కదిలే ట్రాఫిక్‌లో మైలేజీ కొంచెం తగ్గుతుంది. హైవే మీద ఒకే వేగంతో పోయేటప్పుడు బరువు కంటే టైరు వెడల్పు, టైరు రకం ఎక్కువ తేడా తెస్తాయి.

అసలు దెబ్బ సస్పెన్షన్ మీద. చిన్న కార్లకి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇది, పెద్ద కార్ల వాళ్ల సలహాలు మనకు పనికిరానిది కూడా ఇందుకే. తొమ్మిది వందల కేజీల కారు తీసుకోండి. ఇంజన్ ముందు కాబట్టి అరవై శాతానికి పైగా బరువు ముందు చక్రాల మీదే ఉంటుంది. మీరొక్కరే నడుపుతుంటే వెనక ఒక్కో చక్రం మీద పడే బాడీ బరువు 140 కేజీల ప్రాంతంలో ఉంటుంది. దాని కింద స్ప్రింగ్‌కి అవతల వేలాడే చక్రం, బ్రేక్ డ్రమ్ము, యాక్సిల్‌లో దాని వాటా కలిపి 30 కేజీలు అనుకుందాం. దానికి ఇంకో ఐదు కలిపితే బాడీ, చక్రాల మధ్య తూకం మారిపోతుంది. చక్రం గుంతలో దిగి లేచినప్పుడు దాన్ని అదుపులో పెట్టాల్సింది షాకబ్జార్బర్. దాన్ని కంపెనీ వాళ్లు పాత బరువుకి తగ్గట్టు తయారుచేశారు. అదే రెండు టన్నుల బండికి ఐదు కేజీలు పెరిగితే ఎవరికీ తెలియదు.

నడిపితే ఇది ఎలా తెలుస్తుందో చెబుతాను. గతుకుల మలుపులో 17 వేసిన బండి వెనక భాగం ఒక్కో గతుకుకీ పక్కకి చిన్నగా జరుగుతుంది. ప్రమాదం అనిపించేంత కాదు, కానీ స్టీరింగ్ పట్టుకున్నవాడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేంత. చిన్న స్పీడ్ బ్రేకర్లు వరసగా వచ్చినప్పుడు ముందు దెబ్బ సర్దుకునేలోపే రెండోది తగులుతుంది. నలుగురు ఎక్కితే బరువు పెరిగి కొంచెం నిమ్మళిస్తుంది. విచిత్రంగా, ఫుల్‌గా ఉన్నప్పుడు బాగుందనిపించే బండి ఖాళీగా ఉంటే చికాకు పెడుతుంది.

సైడ్‌వాల్ సంగతి కూడా ఇందులోనే కలిసి ఉంది. మీకు ఇప్పుడు 132 మి.మీ. గోడ ఉంది. 15కి వెళ్తే 120, 16కి 107, 205/45 ఆర్17 అయితే 92. నా అనుభవంలో 120 మంచి మధ్యస్థం. మలుపులో స్టీరింగ్ తిప్పగానే బండి తిరుగుతుంది, పాత టైర్లలా ముందు ఒరిగి తర్వాత తిరగదు. లేన్ మారేటప్పుడు ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది, దీని కోసమైనా 15కి మారొచ్చు. గుంతల్లో కూడా పెద్దగా నష్టం లేదు. 92 గోడతో మాత్రం రోడ్డు మీద కళ్లు పెట్టి నడపాలి. బావమరిది రాత్రిపూట నీళ్లు నిండిన గుంతలో దిగితే రిమ్ లోపలి అంచు వంగింది, టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. ఉబ్బు వచ్చిన టైరుకి రిపేరు ఉండదు, మార్చాల్సిందే. స్టీల్ రిమ్ అయితే కొట్టి సరిచేయించుకోవచ్చు, అల్లాయ్ పగుళ్లిస్తే మళ్లీ వాడకూడదు. చెడ్డ రోడ్లే మీకు రోజూ తగిలేవైతే 14 స్టీలే ఉంచుకుని మంచి టైర్లు వేసుకోండి, నేనైతే తప్పుపట్టను.

అందం సంగతి మీ ఇష్టం. ఒక్క మాట మాత్రం. 16 అంగుళాల వెడల్పాటి స్పోకుల వెనక చిన్న కారు బ్రేక్ డిస్కు సాసర్‌లా కనిపిస్తుంది, వెనక డ్రమ్ములైతే ఇంకా ఘోరం.

కొనేటప్పుడు చూడాల్సినవి చెబుతాను. రిమ్ వెనక ముద్రించి ఉండే అంకెలు చదవండి. అక్కడ వెడల్పు, ఆఫ్‌సెట్, మోయగల బరువు ఉంటాయి. జేడబ్ల్యూఎల్ ముద్ర ఉందేమో చూడండి, అది అల్లాయ్ వీల్స్‌కి జపాన్ ప్రమాణం. ఏ ముద్రా, ఏ అంకే లేని రిమ్ ఎంత చవకైనా వద్దు. ఆఫ్‌సెట్ అంటే రిమ్ వెడల్పు మధ్య గీతకీ, అది కారుకి ఆనే ముఖానికీ మధ్య దూరం, మి.మీ.లో. దాన్ని ఈటీ అని రాస్తారు. రిమ్ వెడల్పుని అంగుళాల్లో, పక్కన జె అక్షరంతో రాస్తారు. మీ పాత రిమ్ 5.5 జె, ఈటీ 45 అనుకుందాం. కొత్తది 6 జె, ఈటీ 35 అయితే బయటి అంచు 16 మి.మీ. దాకా బయటికి జరుగుతుంది. ఆఫ్‌సెట్ వల్ల పది, వెడల్పు వల్ల ఆరు. చూడటానికి బాగానే ఉంటుంది, కానీ వీల్ బేరింగ్ మీద ఒత్తిడి పెరుగుతుంది, స్టీరింగ్ గతుకులకి లాగుతుంది, వెనక నిండుగా మనుషులు కూర్చుంటే టైరు మడ్‌గార్డ్‌కి రాసుకుంటుంది. ఐదు మి.మీ. తేడా వరకు ఫర్వాలేదు.

పీసీడీ, అంటే నట్ల రంధ్రాలు ఉండే వలయం కొలత, కలవాలని అందరికీ తెలుసు, మధ్య రంధ్రం గురించి ఎవరూ అడగరు. బయట దొరికే అల్లాయ్స్‌కి ఆ రంధ్రం పెద్దదిగా పెడతారు, ఏ కారుకైనా సరిపోవాలని. హబ్‌కీ (కారు వైపు చక్రం బిగించే మధ్య భాగం) దానికీ మధ్య ఖాళీ ఉంటే చక్రం కచ్చితంగా మధ్యలో కూర్చోకపోవచ్చు. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా ఒక వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. హబ్ రింగులు అని దొరుకుతాయి, మీ హబ్ కొలత చెప్పి వేయించుకుంటే ఆ టెన్షన్ ఉండదు. టైరు లోడ్ ఇండెక్స్, అంటే టైరు మోయగల బరువుని చెప్పే అంకె, పాతదానికంటే తగ్గకూడదు. 85 అంటే టైరుకి 515 కేజీలు, 88 అంటే 560. సైజు పెద్దదైనంత మాత్రాన ఇది పెరగదు, 205/45 ఆర్17లో 84 ఉన్నవి కూడా వస్తాయి, అంటే 500 కేజీలే.

నట్లు కూడా చూడండి. అల్లాయ్‌కి ఇచ్చే నట్ల సీటు ఆకారం స్టీల్ రిమ్‌కి సరిపోకపోవచ్చు. మీ స్టెప్నీ స్టీలుదే ఉంటుంది కాబట్టి పాత నట్లు ఒక సెట్టు జాకీ పక్కన సంచిలో కట్టి పెట్టుకోండి. కొత్త వీల్స్ వేశాక వంద కిలోమీటర్ల లోపు ఒకసారి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో కొలిచే పానాతో) నట్లు మళ్లీ బిగింపు చూపించుకోండి. ఎంత బిగించాలో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది.